నలుగురి నోట ‘నేను’
(స్వీయభావనపై సంస్కృతి, సంఘ సంబంధాల ప్రభావం)

‘మనిషి సంఘజీవి’ అన్న వాక్యాన్ని మనం ఎన్ని తరగతుల్లో చదివామో లెక్కలేదు. పరీక్షలో రెండు మార్కులకు రాసి మరచిపోయే వాక్యాల్లో అదొకటి. అందులో ఉన్న బరువు నాకు తరగతి గదిలో తెలియలేదు. కాజీపేట జంక్షన్‌లో టికెట్ కిటికీ ముందు తెలిసింది.

‘ఘన్‌పూర్ ఒకటి’ అన్నాను. వెనుక నిలబడ్డ ఒక పెద్దమనిషి ‘ఏ ఘన్‌పూర్ బిడ్డా?’ అని అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. కోటగుళ్ళు ఉన్న ములుగు ఘన్‌పూర్ ఒకటి. జనగామ దగ్గర లింగాల ఘన్‌పూర్ ఇంకొకటి. మాది స్టేషన్ ఘన్‌పూర్. నిజాం కాలంలో, 1880లలో సికింద్రాబాదు నుంచి కాజీపేట మీదుగా రైలుదారి పడింది. ఆ దారిలో స్టేషను ఉండడం వల్ల మా ఊరి పేరుకు ముందు ఆ మాట చేరింది. అంటే మా ఊరు తన పేరును తాను పెట్టుకోలేదు. అదే పేరుగల ఊళ్ళు మరి రెండు ఉండబట్టి, తన పక్కనుంచి రైలు పోబట్టి ఆ పేరు వచ్చింది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు మా మండలం వరంగల్ నుంచి జనగామ జిల్లాలోకి పోయింది. పొలాలు, ఇండ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా ‘మీదే జిల్లా?’ అని ఎవరన్నా అడిగితే నా నోరు ముందు ‘వరంగల్’ అంటుంది, ఆ తరువాత దిద్దుకుంటుంది. ఊరి సంగతే ఇట్లా ఉంటే మనిషి సంగతి ఎట్లా ఉంటుందో విద్యార్థి మిత్రులు ఊహించుకోవచ్చు.

అద్దం

తనను గురించి తాను మనసులో కట్టుకొన్న బొమ్మనే మనస్తత్వ శాస్త్రంలో స్వీయభావన అంటారు. ‘నేను పెద్దకొడుకును, నాకు లెక్కలు రావు, నా మాట నెమ్మది, సభలో నిలబడితే నా కాళ్ళు వణుకుతాయి’ – ఇవన్నీ ఆ బొమ్మలోని గీతలే. ఆ బొమ్మకు మనం కట్టే విలువ ఆత్మగౌరవం. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం మనకు అలవాటు గాని, రెండూ ఒకటి కావు. తనకు లెక్కలు రావని తెలిసీ తల ఎత్తుకొని తిరిగేవాడున్నాడు. అన్నీ వచ్చి కూడా కుంచించుకుపోయేవాడూ ఉన్నాడు.

అమెరికా పండితుడు విలియం జేమ్స్ 1890లో వెలువరించిన తన పెద్ద గ్రంథంలో ఈ విషయాన్ని విస్తారంగా చర్చించాడు. తెలుసుకొనే ‘నేను’ ఒకటి, తెలియబడే ‘నేను’ ఒకటి అని విడదీశాడు. ఒక మనిషిని గుర్తించేవారు ఎందరుంటే అతనికి అన్ని సామాజిక రూపాలు ఉంటాయన్నది ఆయన అభిప్రాయం. ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. పొద్దున హోటల్లో చాయ్ తాగేటప్పుడు నేను ‘ఏమన్నా’ను, తరగతిలో ‘సార్’ను, ఇంట్లో ‘కొడుకా’ను. మేనత్త ఎదురైతే ‘ఏం అల్లుడా, సన్నబడ్డవ్’. ఈ నలుగురూ ఒక్కచోట కలిస్తే ఏ మనిషిలాగా నిలబడాలో తెలియక నేను అవస్థ పడిన సందర్భాలున్నాయి.

చార్లెస్ హోర్టన్ కూలీ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు 1902లో దీనికి అద్దం ఉపమానం ఇచ్చాడు. పండుగకు కొత్త అంగీ తొడుక్కొని వాడకట్టు మధ్యనుంచి నడిచే పిల్లవాణ్ణి తలచుకోండి. తాను వాళ్ళ కంటికి ఎట్లా కనపడుతున్నాడో మొదట ఊహిస్తాడు. చూసి ఏమనుకుంటున్నారో తరువాత ఊహిస్తాడు. ఆ ఊహను బట్టి గర్వమో సిగ్గో కలుగుతుంది. ఇందులో గమనించవలసినది ఏమంటే, వాళ్ళు నిజంగా ఏమనుకున్నారన్నది ఈ లెక్కలోకి రాదు. అరుగు మీది ముసలాయన అంగీని చూసి ఉండకపోవచ్చు, తన అప్పుల సంగతి ఆలోచిస్తూ ఉండి ఉండవచ్చు. పిల్లవాడు మాత్రం ఆ ముఖంలో తన విలువను చదువుకొని ముందుకు పోతాడు.

షికాగోలో పాఠాలు చెప్పిన జార్జ్ హెర్బర్ట్ మీడ్ దీన్ని ఇంకా లోతుకు తీసుకుపోయాడు. ఆయన 1931లో చనిపోయాడు. పాఠాలను శిష్యులు 1934లో పుస్తకంగా తెచ్చారు. చిన్నపిల్లలు బొమ్మల పెండ్లి చేసేటప్పుడు ఒకసారి పెండ్లికొడుకు తండ్రి అవుతారు, ఒకసారి అయ్యగారు అవుతారు. ఒక్కొక్క పాత్రలో దూరి అక్కడినుంచి లోకాన్ని చూస్తారు. కొంచెం ఎదిగి కబడ్డీ ఆడేటప్పుడు అది చాలదు. కూతకు పోయినవాడు తన వాళ్ళు ఎక్కడున్నారు, అవతలివాళ్ళలో ఎవడు కాలు పడతాడు, తన కదలికను వాళ్ళు ఎట్లా అంచనా వేస్తున్నారు అన్నదంతా ఒక్కసారే మనసులో ఉంచుకోవాలి. ఇట్లా అందరి చూపూ కలిసి ఒక్క చూపుగా మనసులో స్థిరపడ్డప్పుడు పిల్లవానికి పూర్తి ‘నేను’ ఏర్పడుతుందని మీడ్ సిద్ధాంతం. ఆ కలగలిసిన చూపుకు ఆయన ఒక పెద్ద పారిభాషిక పదం పెట్టాడు. మన అవ్వలకు ఆ పదంతో పనిలేదు. ‘నలుగురు ఏమనుకుంటరు బిడ్డా?’ అని వాళ్ళు మీడ్ కంటె ముందునుంచే అంటున్నారు. ఆ నలుగురు ఎవరో పేర్లు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. ఆ నలుగురు అసలు ఇండ్లలో ఉండరు, మన తలకాయలోనే ఉంటారు.

నువ్వు, మీరు, మనం, మేము

పిల్లవానికి ఆ నలుగురిని మొట్టమొదట పరిచయం చేసేది భాష. ఇంగ్లీషులో ‘మేము’ అన్నా ‘మనం’ అన్నా ఒకే మాట. హిందీలోనూ ‘హమ్’ ఒక్కటే. తెలుగులో రెండున్నాయి. ఎదుటివాణ్ణి లోపల కలుపుకొంటే ‘మనం’, బయట నిలబెడితే ‘మేము’. కాబట్టి తెలుగు పిల్లవాడు తనవాళ్ళను గురించి నోరు తెరవాలంటే, ఎదుటనున్నవాడు తనలోవాడా పైవాడా అని ముందుగానే తేల్చుకోవాలి. పనికి పిలిచేటప్పుడు పెద్దింటివారు ‘మన ఊరు, మన చెరువు’ అనేవారు. మంచినీళ్ళ బావి దగ్గరికి వచ్చేసరికి ‘మన’ కాస్తా ‘మా’ అయ్యేది.

పేర్ల సంగతీ అంతే. ఒకే మల్లన్న దేవునికి మొక్కి ఇద్దరు తల్లులు కొడుకులకు పేరు పెట్టుకుంటారు. ఒకడు మల్లయ్య పటేలు అవుతాడు, ఇంకొకడు అరవై ఏండ్లు వచ్చినా మల్లిగాడే. పెద్దింటి పదేండ్ల పిల్లవాడు ఆ ముసలాయనను ‘ఏరా మల్లిగా’ అని పిలిస్తే, ముసలాయన ‘ఏం చిన్నదొరా’ అని పలకాలి. ఆ రెండు పిలుపుల్లో ఇద్దరూ తామెవరో నేర్చుకుంటున్నారు, పిల్లవాడు కొత్తగా, ముసలాయన ఎన్నోసారో.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పి ముందుకు పోతాను. తెలుగు వ్యాకరణంలో మగవాడు ‘వచ్చాడు’. ఆడది ‘వచ్చింది’, బర్రె ‘వచ్చింది’, బస్సు ‘వచ్చింది’, వాన ‘వచ్చింది’. ఏకవచనంలో స్త్రీ క్రియ అమహత్తుల గుంపులోనే ఉంటుంది. బహువచనంలో మాత్రం మగవాళ్ళతో కలుస్తుంది, ‘వచ్చారు’. అంటే ఒక్కర్తిగా ఉన్నప్పుడు లేని గౌరవం గుంపులో దొరుకుతుందన్నమాట. వ్యాకరణాన్ని బట్టి సంఘాన్ని నిర్ణయించకూడదని పండితులు నన్ను కోప్పడతారు. కోప్పడనీయండి. ఈ సంగతి చివర్లో మళ్ళీ పనికి వస్తుంది.

పల్లెల్లో కులాలు వేరైనా వరుసలు కలుపుకొని కాక, చిన్నమ్మ, బావ అని పిలుచుకోవడం మంచి ఆచారమే. హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేటను అధ్యయనం చేసి ఎస్.సి. దూబే 1955లో ‘ఇండియన్ విలేజ్’ అనే గ్రంథం వెలువరించాడు. తెలుగు పల్లెలో మనిషి ఒంటరి వ్యక్తిగా గాక కుటుంబం, కులం, ఊరు అనే వలయాల మధ్య ఎట్లా బతుకుతాడో తెలుసుకోవాలంటే అది ఇప్పటికీ చదవదగిన పుస్తకం. అయితే వరుసలు కలిసేది ఊరి నడుమ వరకే. వాడ దాటితే వరుస తెగిపోతుంది. దొరగారి గడీ ముందర వరుస అన్న మాటే లేదు.

నీ బాంచెన్

మా తాత దొర దగ్గర జీతగాడు. ఆయన మాట తీరు నాకు చూచాయగా గుర్తుంది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ‘నేను’ అనేవాడు కాదు. ‘నీ బాంచెన్, పొద్దుగాల పోయి చూసొచ్చిన’ అనేవాడు. ‘నీ బాంచెన్’ అంటే నీ బానిసను అని అర్థం. అంటే ‘నేను’ ఉండవలసిన చోట ఆ మాట వచ్చి కూర్చున్నది. రోజుకు ఇరవైసార్లు, ఏండ్ల తరబడి ఒకడు ఆ మాట అంటూ పోతే అది మర్యాద మాటగా నాలుక మీదనే ఆగుతుందా? మా తాత గడీ పడిపోయి దొర పట్నం వెళ్ళిన తరువాత కూడా బస్సు కండక్టరు ముందు ఆ మాటే అన్నాడు. కండక్టరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అమెరికాలో కెనెత్ క్లార్క్, మామీ క్లార్క్ అనే నీగ్రో దంపతులు, ఆనాటి వాడుక మాట అది, నేడు నల్లజాతి అంటున్నాము, 1940ల ప్రాంతంలో చిన్నపిల్లల ముందు తెల్లబొమ్మ ఒకటి, నల్లబొమ్మ ఒకటి పెట్టి ఏది మంచిదో చెప్పమన్నారు. నల్లపిల్లల్లో ఎక్కువమంది తెల్లబొమ్మను చూపించారు. ‘నీలాగా ఉన్నది ఏది?’ అని అడిగితే కొందరు పిల్లలు ఏడ్చారు కూడా. 1954లో అక్కడి సుప్రీంకోర్టు బడులలో వర్ణ విభజన చెల్లదని తీర్పు చెప్పినప్పుడు ఆ పరిశోధనను కూడా లెక్కలోకి తీసుకున్నది. పరాయివాని చూపు పిల్లవాని సొంత చూపుగా మారడానికి ఎక్కువ కాలం పట్టదని అక్కడ తేలింది. మా తాతకు ఆ బొమ్మలు చూపించిన వాళ్ళు లేరు.

సంఘం

మరి ఇట్లా తయారైన మనిషి ఎన్నటికీ మారడా? మారతాడనడానికి సాక్ష్యం మా చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నది. 1930లో జోగిపేటలో మొదటి మహాసభ జరుపుకొన్న ఆంధ్రమహాసభ మొదట్లో చదువుకొన్నవారి సంస్థ. 1944 భువనగిరి సభ నాటికి రావి నారాయణరెడ్డి వంటివారి నాయకత్వంలో పల్లెలకు చేరింది. పల్లె జనం దానిని నోరు తిరగని పేరుతో పిలవలేదు, ‘సంఘం’ అన్నారు. వెట్టిచాకిరీ చేయమన్నది ఆ సంఘమే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగిన తరువాత అది సాయుధ పోరాటంగా మారిన కథ మీకు తెలుసు. ఆ చరిత్ర ఇక్కడ చెప్పబోవడం లేదు. స్వీయభావనకు సంబంధించినంత మేరకు ఒక్క మనిషిని చూద్దాం.

పాలకుర్తి మా ఘన్‌పూర్‌కు దూరమేమీ కాదు. అక్కడి ఐలమ్మ కౌలుకు తీసుకొన్న భూమిలో పండించిన పంట మీద విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కన్నుపడింది. సంఘం కార్యకర్తలు అండగా నిలిచారు, పంట ఆమె ఇంటికే చేరింది. ఇల్లు పోయినా, కుటుంబం బాధలు పడినా ఆమె భూమి విడువలేదు. ఊరి బట్టలు ఉతికే కులంలో పుట్టి, దొర కంటబడితే పక్కకు తొలగవలసిన స్త్రీ ‘ఈ పంట నాది’ అనగలిగింది. ఆ ‘నాది’ ఎక్కడినుంచి వచ్చింది? ధైర్యం పుట్టుకతోనే ఉండి ఉండవచ్చు, నేను కాదనను. కాని ఒంటరి ధైర్యాలు గడీ ముందర ఎన్ని అణగిపోలేదు! మీడ్ చెప్పినదాన్నిబట్టి చూస్తే, చుట్టూ ఉన్న నలుగురూ ఒక మనిషిని కాదన్నప్పుడు ఆ మనిషి ఇంకా పెద్ద సంఘాన్ని మనసులో నిలుపుకొని దానికి మొరపెట్టుకోవచ్చు. ఐలమ్మకు ఆ పెద్ద సంఘం ఊహలో గాక కొడవళ్ళు పట్టుకొని చేనులోకే వచ్చింది. అంటే ఆమె మనసులోని నలుగురు మారిపోయారు.

ఆమె ఇంటిపేరు చిట్యాల. లోకానికి తెలిసిన పేరు చాకలి ఐలమ్మ. అందరు నాయకులకూ ఇంటిపేర్లున్నాయి, ఆమెకు మాత్రం కులవృత్తి ఇంటిపేరయింది. ఇది న్యాయమా అని నేను చాలాకాలం బాధపడ్డాను. తరువాత రజక యువకులతో మాట్లాడితే వారు ఒప్పుకోలేదు. ‘ఆ మాట తీసేస్తే ఆమె మాకు కాకుండా పోతది సార్’ అన్నారు. ఆమె 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినప్పుడు ‘చాకలి’ అన్న మాట అట్లాగే ఉంచారు. ఇప్పుడు నా బాధ కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఆ పోరాటంలో దళాల్లోకి వెళ్ళినవారు పేర్లు మార్చుకొన్నారు. భూస్వాముల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం దళంలో ‘రాజక్క’. పోలీసు కళ్ళు కప్పడానికి పెట్టుకొన్న పేరులోనూ ‘అక్క’ చేరడం చూడండి. వరుస తెగిపోయిన వాడల్లో కూడా ఆమె అక్క అయింది. ఆమె 2022 మార్చిలో పోయిందాకా జనం ఆ పిలుపు మరువలేదు. అయితే అందరి కథా అట్లా ముగియలేదు. 1951లో పోరాటం విరమించిన తరువాత స్త్రీలు ఇండ్లకు తిరిగి వచ్చారు. వారి మాటలను స్త్రీశక్తి సంఘటన వారు సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో అచ్చువేశారు. మన లైబ్రరీలో ఉంటే తప్పక చదవండి. తుపాకీ మోసిన చేతులు మళ్ళీ పొయ్యి దగ్గరికే రావలసి వచ్చినప్పటి వెలితి అందులో పేజీ పేజీకీ తగులుతుంది. ఆ స్త్రీలు మారలేదు, ధైర్యం తగ్గలేదు. వారిని ‘కామ్రేడ్’ అని పిలిచేవారు చుట్టూ లేకుండా పోయారు.

పేరు మార్చుకోవడం, పేరు నిలుపుకోవడం

లోకం పెట్టిన పేరుతో మనిషి ఏం చేయగలడు? మన తెలుగునాట రెండు దారులు కనిపిస్తాయి. హైదరాబాదులో పుట్టిన మాదరి భాగయ్య భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. 1917లో బెజవాడలో ‘పంచమ’ సభగా తలపెట్టిన సమావేశానికి అధ్యక్షుడుగా వెళ్ళి, ఆ మాటే మాకు వద్దు, మేము ఈ నేలకు ఆదివాసులము అని వాదించి సభ పేరునే ఆది ఆంధ్ర మహాజన సభగా మార్పించాడు. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో ‘ఆది హిందువులు’ అన్న పేరు ఎక్కడానికి ఆయన కృషి ముఖ్యకారణం. అవమానపు పేరును వదిలి కొత్త పేరు తొడుక్కోవడం ఒక దారి.

రెండవ దారి 1994లో దండోరా ఉద్యమంతో వచ్చింది. మన వరంగల్ ప్రాంతంవాడైన మంద కృష్ణ తన పేరు చివర ‘మాదిగ’ అని చేర్చుకొన్నాడు. అంతవరకు తిట్టుగా వాడిన మాటను వేలమంది యువకులు రెడ్డి, శర్మ వంటి తోకల మాదిరిగానే పేరుకు తగిలించుకొన్నారు. హాస్టల్లో కులం అడిగితే తల వంచుకొన్న పిల్లలు కరపత్రం మీద ఆ పేరు పెద్ద అక్షరాలతో అచ్చువేయించుకోవడం నేను చూశాను. ఏ దారి మెరుగని వాదించేవారున్నారు. నాకైతే రెండూ ఒకే పని చేశాయనిపిస్తుంది. అద్దం పట్టుకొన్న చేతిని మార్చాయి.

తూర్పు, పడమర

ఈమధ్య పుస్తకాల్లో ఒక విభజన బాగా ప్రచారంలో ఉన్నది. హేజెల్ మార్కస్, షినోబు కితయామా అనే ఇద్దరు 1991లో రాసిన వ్యాసం దానికి మూలం. పడమటి దేశాల్లో మనిషి తనను విడి వ్యక్తిగా భావించుకుంటాడట, తన ప్రత్యేకతే తానని అనుకుంటాడట. జపాను వంటి తూర్పు దేశాల్లో తన సంబంధాలే తానని అనుకుంటాడట. దీన్ని పరీక్షించడానికి వాడే పద్ధతుల్లో ఒకటి కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అనేవారు 1954లో తయారుచేసినది. ‘నేను ఎవరు?’ అన్న ప్రశ్నకు ఇరవై జవాబులు రాయమంటారు. ‘నేను తెలివిగలవాణ్ణి’ వంటివి ఎన్ని, ‘నేను ఫలానావారి కొడుకును’ వంటివి ఎన్ని అని లెక్కిస్తారు. మీరు కూడా కాగితం తీసుకొని ప్రయత్నించండి, పన్నెండు దాటడం ఎంత కష్టమో తెలుస్తుంది.

ఈ విభజనలో నిజం లేకపోలేదు. కాని మన ప్రాచ్య సంస్కృతిలో అందరమూ ప్రేమానుబంధాల్లో అల్లుకొని ఉంటామని చెప్పి చప్పట్లు కొట్టించుకొనే ఉపన్యాసకులను చూస్తే నాకు మా తాత గుర్తుకు వస్తాడు. ఆయనదీ సంబంధాలలో అల్లుకొన్న ‘నేను’ గదా! దొర లేకుండా ఆయనకు తానెవరో చెప్పుకోవడమే రాలేదు. సంబంధం అన్నంత మాత్రాన అది మంచిదని ఎక్కడా లేదు. ఎవరితో సంబంధం, అందులో ఎవరు పైన, ఎవరు కింద అన్నది అడగకుండా తూర్పు–పడమర అని గీత గీస్తే, మా ఊళ్ళో గడీకి వాడకు మధ్యనున్న గీత అందులో కనపడదు.

యాస

నా కథ కూడా కొంచెం చెప్పుకోనివ్వండి. ఇంటర్ పాసయి పై చదువుకు ఒక పట్నం కాలేజీలో చేరాను. మొదటి వారంలోనే ‘గట్ల’, ‘గిట్ల’ అంటే వెనుక బెంచీ నవ్వింది. అధ్యాపకుని ‘నువ్వు చెప్పినవ్ గద సార్’ అన్నాను, క్లాసంతా నవ్వింది. మా దిక్కు కన్నతల్లినీ దేవుణ్ణీ ‘నువ్వు’ అనే అంటాము, అందులో అగౌరవం లేదని నాకు తెలుసు, వాళ్ళకు తెలియదు. తప్పు నాదే అనుకొన్నాను. కూలీ చెప్పిన అద్దంలో మూడవ మెట్టు అది. ఆ ఏడాదంతా తరగతిలో నోరు తెరవలేదు. సెలవులకు ఇంటికొచ్చి ‘అలాగేనమ్మా’ అన్నాను. మా అవ్వ నా నుదురు మీద చెయ్యిపెట్టి చూసింది, జ్వరమొచ్చిందేమోనని.

సినిమాల్లో ఆ రోజుల్లో మా యాస హాస్యగాళ్ళకు, రౌడీలకు మాత్రమే దక్కేది. హాలులో నవ్వేవాళ్ళలో నేనూ ఉండేవాణ్ణి. అది తలచుకొంటే ఇప్పటికీ సిగ్గే. మన కాళోజీ నారాయణరావు జీవితాంతం జనం మాటలోనే రాయాలని, బడిపలుకులు వేరు పలుకుబడులు వేరని పోరాడాడు. 1992లో పద్మవిభూషణ్ వచ్చినా హనుమకొండ వీధుల్లో అదే యాస, అదే చేతికర్ర. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని ప్రత్యేక రాష్ట్రం వచ్చిన తరువాత తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. 2023లో ‘బలగం’ సినిమాను జనం ఊళ్ళల్లో తెరలు కట్టుకొని చూసి ఏడ్చారు. అందులో నాయకుడు మాట్లాడేదీ మా మాటే. నేటి విద్యార్థులు ‘గట్ల’ అనడానికి వెనుకాడటం లేదు. యాస మారలేదు, నవ్వేవాళ్ళు తగ్గారు.

తల్లిగారిల్లు, అత్తగారిల్లు

ఇక చివరి విషయం. ఆడపిల్ల స్వీయభావన పెండ్లితో రెండుగా చీలుతుంది. ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, పిలుపు మారుతుంది. బతుకమ్మకు తల్లిగారింటికి వచ్చిన స్త్రీని గమనించండి. బస్సు దిగీ దిగకముందే నడకలో తేడా వస్తుంది. అక్కడ ఆమెను పేరుపెట్టి పిలిచేవారున్నారు. తొమ్మిది రోజుల తరువాత తిరిగి పోయి మళ్ళీ ఫలానావారి కోడలవుతుంది.

మా అవ్వ పేరు ఎల్లమ్మ అని నాకు బడిలో చేరిన తరువాత ఎన్నో ఏండ్లకు గాని తెలియలేదు. మా బాపు ఆమెను ‘ఇగో’ అనేవాడు. ఆమె ఆయనను ‘మీ బాపు’ అనేది. వాడకట్టుకు ఆమె రాజయ్య పెండ్లాం, నాకు ఉద్యోగం వచ్చిన తరువాత సారోళ్ళ అవ్వ. ఊళ్ళో మహిళల పొదుపు సంఘం పెట్టినప్పుడు ఆమెను కూడా చేర్చుకొన్నారు. మళ్ళీ అదే మాట చూడండి, సంఘం! రిజిస్టరు తీసి పేర్లు చదివేవారు. మొదటి రెండు మూడు మీటింగుల్లో ‘ఎల్లమ్మా’ అని పిలిస్తే ఆమె పలకలేదట. ఇంకెవరినో అనుకొన్నది. పక్కనున్న ఆమె మోచేత్తో పొడిస్తే ‘ఆ, నేనే’ అన్నదట. ఆ సంగతి ఇంటికొచ్చి మాకు చెప్పి తానే నవ్వింది. తరువాత సంతకం నేర్చుకొన్నది. పాస్‌బుక్ మీద ఆమె ఫోటో, కింద ఆమె పేరు. ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టమంటే పెట్టలేదు, బియ్యం డబ్బా వెనుక తన చోటనే దాచుకొన్నది.

ఈ వ్యాసం కోసం చదువుతున్నప్పుడు ఒక సాయంత్రం ఆమెను ఆ ఇరవై జవాబుల ప్రశ్న అడిగాను. పరిశోధనగా కాదు, ఊరికే. ‘అవ్వా, నువ్వెవరు?’

‘ఏందిరా, పిచ్చి లేసిందా? మీ అవ్వను.’

‘ఇంకా?’

‘మీ బాపు పెండ్లాన్ని. మీ మామకు అక్కను. నీ పిల్లలకు నాయనమ్మను.’ వేళ్ళు మడుస్తూ పోయింది. చనిపోయిన వాళ్ళను కూడా వదలలేదు. నాకు తెలియని చుట్టరికాలు రెండు బయటపడ్డాయి. తొమ్మిదో వేలు దగ్గర ఆగింది. పుస్తకంలో ఉన్నట్టే ఉన్నదే అని నేను లోలోపల సంతోషపడుతున్నాను.

‘సంఘంల ఎల్లమ్మను’ అన్నది.

పదో వేలు మడవలేదు. కాసేపు చేతిని చూసుకొన్నది. ‘నాటేస్తె నా ముందల ఎవ్వరు ఆగకపోయేటోళ్ళు. మునుం పట్టిన్నంటే ఒడ్డు చేరేదాక నడుము ఎత్తకపోయేదాన్ని. అడుగు మీ చిన్నమ్మను.’

‘అది పది. ఇంకా పది ఉన్నయి అవ్వా.’

‘రేపు చెప్తలే. పొయ్యి మీద చారు పొంగుతున్నది’ అని లేచి లోపలికి పోయింది.